దేగ్‌కి కళాయి, మటాడోర్‌కి టాంకా

మా అబ్బా దగ్గర ఒక పాత మటాడోర్ ఉండేది. పొద్దున స్కూలు పిల్లలు, షాదీల సీజన్‌లో బరాత్‌లు. మా ఇంటి రోజీరోటీ అంతా దాని మీదే. పుణె దగ్గర బజాజ్ టెంపో వాళ్లు తయారుచేసిన ఆ బండి 1970, 80లలో ఎంత చలామణీ అయిందంటే, మా ఊళ్లో వ్యాన్ ఏదైనా సరే మటాడోరే అనేవాళ్లు.

ఓ రోజు ఫజర్ నుంచి వచ్చేసరికి బండి కింద నేలంతా తడి. డీజిల్ ట్యాంకు అడుగున చుక్క చుక్క కారుతోంది. అబ్బా బట్టల సబ్బు ముక్క తెచ్చి ఆ చిల్లు మీద గట్టిగా రుద్దారు. సబ్బు డీజిల్‌లో కరగదు కాబట్టి కాసేపు ఆపుతుంది. కానీ అది ఒక పూట ఇలాజ్ మాత్రమే.

మా మహల్లాలో రేడియేటర్లకి, ట్యాంకులకి టాంకా వేసే ఉస్తాద్ ఒకరు ఉండేవారు. మన తెలుగులో టంకం అంటామే, అదే. ఆయన వాలిద్ కళాయిగర్. స్టీలు గిన్నెలు వచ్చాక రాగి దేగ్‌లు తగ్గిపోయాయి, కొడుకు బండ్ల వైపు మళ్లారు. కొలిమి అదే, నౌసాదర్ అదే, రాంగా అదే. పాత్ర మారిందంతే.

ఈ 'కళాయి' లఫ్జ్ వెనక పెద్ద సఫర్ ఉంది. అరబ్బీలో తగరాన్ని 'ఖలయీ' అంటారు. మలయా తీరంలోని 'కలాహ్' అనే రేవు పేరు నుంచి ఆ మాట వచ్చిందని చెబుతారు. వెయ్యేళ్ల కిందటి అరబ్బు భూగోళ గ్రంథాల్లో కలాహ్ తగరం ప్రస్తావన ఉంది. ఆ తగరం పేరే మన బావర్చీఖానాలోకి వచ్చింది, అక్కడి నుంచి మెకానిక్ షెడ్డుకి చేరింది. పాత బండ్ల ట్యాంకులు చాలావరకు సీసం, తగరం కలిపి పూసిన ఇనుప రేకుతో చేసినవే. అంటే అవీ ఒక రకంగా కళాయి గిన్నెలే!

మర్నాడే బరాత్ ఒప్పుకుని ఉన్నారు అబ్బా. "డీజిల్ తీసేశాను కదా భాయ్, ఖాళీ ట్యాంకే. పక్కన వెల్డింగ్ పెట్టించేస్తా, ఐదు నిమిషాల పని" అన్నారు.

ఉస్తాద్ చొక్కా చేయి పైకి మడిచారు. మోచేతి దాకా కాలిన చర్మం. "నేను షాగిర్ద్‌గా ఉన్నప్పుడు మేమూ అదే అనుకున్నాం మియా. నేను బతికాను. నా జోడీదార్ బతకలేదు."

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఖతర్నాక్ అని ఆ రోజే విన్నాను. నిండా నూనె ఉంటే లోపల గాలికి చోటుండదు. ఖాళీ చేస్తే మూలల్లో, అతుకుల్లో మిగిలిన డీజిల్ వెల్డింగ్ వేడికి ఆవిరై గాలితో కలుస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పెట్రోల్‌కైతే ఆ వేడి కూడా అక్కర్లేదు.

ఉస్తాద్ ట్యాంకు దింపారు. సోడా కలిపిన వేడినీళ్లతో పదేపదే కడిగారు. చిల్లు ఉన్న వైపు పైకి తిప్పి, దాదాపు అంచు దాకా నీళ్లు నింపారు. తుప్పు గీకి, తేజాబ్ రాసి, కొలిమిలో కాల్చిన రాగి కడ్డీతో టాంకా పెట్టారు. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది, తగు పాళ్లలో సీసం కలిస్తే 183కే. మంట ట్యాంకు దగ్గరికి రానక్కర్లేదు. చివర్లో బయట సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోశారు. సుద్ద తడవలేదు.

సాయంత్రమైంది. బరాత్ కిరాయి వేరేవాళ్లకి పోయింది. అబ్బా ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ ఆ ట్యాంకు మళ్లీ కారలేదు, ఆ బండిలో పిల్లలు ఏళ్ల తరబడి స్కూలుకెళ్లారు.

ఇప్పుడు ఉస్తాద్ లేరు, ఆ కొలిమీ లేదు. కొత్త బండ్లకి చాలావరకు ప్లాస్టిక్ ట్యాంకులే. కానీ మన ఇళ్లలో పాత ఓమ్నీలు ఇంకా తిరుగుతున్నాయి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, పాత రేకుకి తుప్పు ఖత్రా పెరుగుతుంది. ట్యాంకు పట్టీల కింద బురద నిలిచే చోట ఓసారి వేలు పెట్టి చూడండి. చిల్లు పడితే ఎం-సీల్ ఇంటి దాకా తీసుకురావచ్చు, అదీ సబ్బు లాంటి ఇలాజే. రేకు పాడైతే ట్యాంకు మార్చేయండి.

ఎవరైనా "ఖాళీదే కదా, వెల్డింగ్ పెడతా" అంటే మాత్రం సలాం చెప్పి బండి వెనక్కి తెచ్చేసుకోండి. ఒక కిరాయి పోతే పోయింది.