జీతముల కట్టడి – చికాగో హాకీ జట్టు చరిత్ర

హాకీ యనగానే మనకు ధ్యాన్‌చంద్ స్ఫురించును. నేను చెప్పబోవునది ఆ పచ్చికనేల యాట కాదు. కెనడా, అమెరికా దేశములలో ఉక్కు అంచుగల జోళ్లు తొడిగి, మంచుగడ్డపై జారుచు ఆడెడి హాకీని గూర్చినది. ఆటకంటెను దాని జమాఖర్చుల చరిత్రయే నాకు రసవత్తరముగా దోచినది.

నేషనల్ హాకీ లీగ్ అను సంఘమున జట్ల యజమానులకును ఆటగాండ్రకును జీతముల విషయమై వివాదము ముదిరి, 2004-05 సంవత్సరపు పోటీలన్నియు ఆగిపోయినవి. 1893 నుండి యిచ్చుచున్న స్టాన్లీ కప్పుపై ఆ యేటికి విజేత పేరునకు బదులు, ఆట జరుగలేదను మాటయే చెక్కబడినది. తుదకు 2005 జూలైలో సంధి కుదిరెను. ఒక్కొక్క జట్టు తన యాటగాండ్రందరికిని గలిపి 3 కోట్ల 90 లక్షల డాలర్లకు మించి వెచ్చింపరాదని కట్టడి యేర్పడెను. సంఘపు రాబడిని బట్టి యీ మొత్తము మారుచుండును. ఒడంబడిక సొమ్మును ఏండ్లతో భాగింపగా వచ్చిన సగటే ఏటేట లెక్కకు వచ్చును. చెరువులోని నీరింతే, ఒక మడికి హెచ్చుగా పారించినచో వేరొకటి యెండును.

చికాగో జట్టు బహుకాలము ఓటములతో కాలము గడిపినది. అట్టి జట్టునకే క్రొత్త బాలుర నెన్నుకొనుటలో ముందు వరుస దొరకును. ఆ విధముననే 2006లో జొనాథన్ టేవ్స్, 2007లో పాట్రిక్ కేన్ లభించిరి. తొలి మూడేండ్లు బాలుర జీతమునకు హద్దు గలదు. ఆ మూడేండ్లే జట్టునకు నిజమైన పంటకాలము. 49 ఏండ్ల పిమ్మట, 2010లో చికాగో కప్పు గెలిచెను.

గెలుపు వెంటనే గడ్డుకాలము వచ్చినది. ఇద్దరి జీతములును పెరిగెను. గత యేటి బహుమానపు సొమ్ములో కట్టడి దాటిన భాగము 40 లక్షల డాలర్లకు పైగా మరుసటి యేటి పద్దుపై బడెను. నాటి హద్దు 5 కోట్ల 94 లక్షలు. బఫ్లిన్, లాడ్, వెర్‌స్టీగ్ పరుల పాలైరి. ఇంతలో సాన్‌హోజే జట్టు హ్యాల్మర్సన్‌కు నాలుగేండ్లకు 1 కోటి 40 లక్షలు ఇవ్వజూపెను. చికాగో అంతయు తానే యిచ్చి యతనిని నిలుపుకొనెను. పిమ్మట కప్పు గెలిపించిన గోలుకాపరి నీమీకి మధ్యవర్తి 27 లక్షల 50 వేలు నిర్ణయింపగా, ఆ భారము మోయలేక యతనిని విడిచెను. అతడు చేరినది ఆ సాన్‌హోజేలోనే! ఎంతటి చతురులు!

అయినను చికాగో వారి దూరదృష్టిని మెచ్చవలసియున్నది. 2003లోనే యెన్నుకొని, క్రింది జట్లలో ఓర్పుతో పెంచిన క్రాఫర్డ్ ఆ స్థానమున నిలిచెను. 2013లోను, 2015లోను మరల కప్పు వచ్చెను.

2014 జూలైలో టేవ్స్, కేన్‌లకు ఎనిమిదేండ్ల ఒడంబడికలు వ్రాసిరి. ఏటికి ఒక్కొక్కరికి 1 కోటి 5 లక్షలు. అవి 2015-16లో ఆరంభమగునప్పటికి హద్దు 7 కోట్ల 14 లక్షలు. ఇద్దరికే పదింట మూడు పాళ్లు! సాద్, షార్ప్ అను వారిని వదలక తప్పలేదు. కృతజ్ఞతకై వ్రాసిన పత్రమని కొందరందురు. గెలిచిన వీరుని ధరకు బేరమాడు ధైర్యము ఎవరికుండునని నే నందును. దానికి తోడు మహమ్మారి వలన రాబడి పడిపోయి, 8 కోట్ల 15 లక్షల యొద్ద హద్దు 2019-20 నుండి మూడు పోటీకాలములు కదలలేదు.

2023 ఫిబ్రవరిలో కేన్ న్యూయార్కు రేంజర్స్ జట్టునకు వెడలెను. ఆ వసంతముననే టేవ్స్ గడువును దీరెను. జూన్‌లో ఎన్నికల తొలి వరుస చికాగోకే దక్కగా, కానర్ బెడార్డ్ అను బాలుని గైకొనిరి. అతని తొలి యొడంబడికయు మూడేండ్లదే.