చలి మొదలవ్వాల్సింది చేను దగ్గరే

తెల్లవారుజాము నాలుగున్నర. కొండాపూర్ రోడ్డు మీద నైట్ షిఫ్ట్ క్యాబులు తప్ప అలికిడి లేదు. ఓ సూపర్‌మార్కెట్ వెనక సందులోకి చేవెళ్ల నుంచి వచ్చిన డీసీఎం వ్యాను రివర్స్‌లో వస్తోంది. గోడవారగా నిలబడండి.

టార్పాలిన్ లాగగానే వెచ్చటి పచ్చివాసన గుప్పుమంటుంది. మే నెల. టమాట క్రేటు మధ్యలోకి చెయ్యి పోనివ్వండి. నిన్నటి ఎండ ఇంకా అక్కడే ఉంది. కోసినంత మాత్రాన కాయ చచ్చిపోదు. ఊపిరి తీస్తూ, తనలోని చక్కెరను ఖర్చు చేస్తూ, వేడి పుట్టిస్తూ ఉంటుంది. పది డిగ్రీలు వేడెక్కితే ఆ ఖర్చు రెండు మూడింతలవుతుంది.

ప్లాస్టిక్ పట్టీల తెర తోసుకుని కోల్డ్ రూమ్‌లోకి నడవండి. ముంజేతుల మీద రోమాలు లేస్తాయి. మీటరులో 2 డిగ్రీలు. క్యారెట్, కాలీఫ్లవర్, పాలకూరకు ఇదే సుఖం. గాలిలో తేమ 95 శాతం దాకా ఉండాలి, లేకపోతే ఆకుకూర చలిలో కూడా వడలిపోతుంది. గాలి ఆడాలని క్రేట్లను గోడకు ఆనించకుండా పేరుస్తున్నారు.

"అన్నా, టమాట ఇటు గాదు, అవతల రూముల పెట్టు! తలుపు వెయ్, చలంతా పోతున్నది."

అవతలి గదిలో 13 డిగ్రీలు. టమాట, వంకాయ, కీర, మామిడి ఇక్కడికి చేరతాయి. మరీ చల్లబడితే టమాట రుచి పోతుంది, అరటి తొక్క నల్లబడుతుంది. పండిన అరటిని ఆకుకూర దగ్గరికి రానివ్వరు. అది వదిలే ఇథిలీన్ వాయువుకు ఆకులు పసుపెక్కుతాయి.

బయటికి రాగానే మీ కళ్లద్దాలు మసకబారతాయి. డెలివరీకి తీసిన కొత్తిమీర కట్టల మీదా అదే తడి. బండి ట్రాఫిక్‌లో ఆగితే కుళ్లు ఆ తడిలోనే మొదలవుతుంది.

ఇక్కడి ఏర్పాట్లకు వంక పెట్టలేం. కానీ కోత నుంచి ఈ సందు దాకా కాయ పోగొట్టుకున్నదాన్ని ఏ కంప్రెసరూ తిరిగివ్వలేదు. చలి ఉన్నదాన్ని కాపాడుతుంది, అంతే. రైతు నేరుగా అమ్ముకునేందుకు 1999లో రైతుబజార్లు వచ్చాయి. అవి దళారీని తప్పించాయి గానీ సాయంత్రాన్ని తప్పించలేకపోయాయి. చీకటి పడేలోగా అమ్ముడుపోని సరుకును రైతు ఇప్పటికీ వచ్చిన ధరకే వదిలేస్తున్నాడు.

దీనికి చేను దగ్గరే ఓ దారి ఉంది. రెండు వరసల ఇటుక గోడ కట్టి, మధ్యలో ఇసుక నింపి, ఆ ఇసుకను తడుపుతూ ఉంటే చాలు, కరెంటు లేకుండానే లోపల చల్లబడుతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల్లోనే దీన్ని రూపొందించింది. నగరంలో ఇంకో కోల్డ్ రూమ్ కట్టే ముందు చేవెళ్ల, శంకర్‌పల్లి పొలాల గట్ల మీద ఇలాంటివి కట్టించాలి. రైతుకు కనీసం ఒక రాత్రి గడువు దొరుకుతుంది.