కందక తవ్వకాల్లో కార్మిక భద్రత: భాగస్వామ్యాల చరిత్ర - పరిశీలన

వ్యాససంగ్రహం:
నీటి గొట్టాలు, మురుగు కాలువలు, సమాచార తీగల కోసం తవ్వే కందకాలు కూలి కార్మికులు మరణించడం నిర్మాణరంగంలో పాత సమస్య. ఈ మరణాలను తగ్గించడానికి అమెరికాలో ప్రభుత్వ సంస్థలు, గుత్తేదార్ల సంఘాలు, పరికరాల తయారీదారులు కొన్ని దశాబ్దాలుగా భాగస్వామ్యాలు ఏర్పరచుకుంటూ వచ్చారు. ఆ భాగస్వామ్యాలు ఏ శాసన నేపథ్యంలో పుట్టాయి, ఎవరికి చేరాయి, ఎవరికి చేరలేదు అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ అనుభవం ఆధారంగా భారతదేశంలోని, ముఖ్యంగా తెలుగు ప్రాంతాల్లోని పరిస్థితిని చర్చిస్తుంది.

ముఖ్యపదాలు: కందకం, తవ్వకం, కార్మిక భద్రత, ఓషా, గుత్తేదార్ల సంఘాలు, భవన నిర్మాణ కార్మిక చట్టం, వడ్డెరలు.

1. ఉపోద్ఘాతం:
చెరువులు, బావులు, కాలువల చరిత్ర రాసేటప్పుడు వాటిని తవ్వించిన రాజుల పేర్లు, దాతల పేర్లు శాసనాల్లో దొరుకుతాయి. తవ్వినవారి పేర్లు దొరకడం అరుదు. తవ్వుతూ మట్టిలో కూరుకుపోయినవారి పేర్లు అంతకన్నా అరుదు. తెలుగు నేల మీద మట్టిపని, రాతిపని వృత్తిగా బతికిన వడ్డెరలను ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో బావులు తవ్వేవారుగా, చెరువుకట్టలు వేసేవారుగా నమోదు చేశాడు. ఈ పనిలో ఏ మట్టి నిలుస్తుందో, ఏ మట్టి జారుతుందో తెలుసుకోవడం అనుభవం మీద అబ్బే విద్య. నగరాలు పెరిగి, భూమి కింద గొట్టాలు, తీగలు పరచుకున్నాక తవ్వకం స్వరూపం మారింది. పని రోజుల్లో ముగించాలి, తవ్వేది యంత్రం, గోతిలోకి దిగేది మాత్రం మనిషే. ఆ మనిషి ప్రాణానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాల్లో భాగస్వామ్యం ఒకటి.

2. మట్టి స్వభావం - ప్రమాద కారణాలు:
ఒక ఘనమీటరు మట్టి సుమారు ఒకటిన్నర నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది. అది చిన్న కారు బరువు కన్నా ఎక్కువ. ఛాతీ వరకు కూరుకుపోయిన మనిషి ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఆ ఖాళీలోకి జారి బిగుసుకుంటుంది. మళ్లీ ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. కాపాడాలని గోతిలోకి దూకినవారు రెండోసారి కూలిన మట్టికి బలికావడం కూడా ఈ ప్రమాదాల్లో తరచుగా కనిపిస్తుంది.

మట్టి నిలకడ దాని జాతిపైన, తేమపైన, గత చరిత్రపైన ఆధారపడుతుంది. గట్టి బంకమన్ను కొంతసేపు నిటారుగా నిలుస్తుంది. ఇసుక, గరప అలా నిలవవు. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి మళ్లీ పూర్వపు బిగువుకు రాదు. నగర వీధుల్లో ఏ కందకం తవ్వినా, దాని పక్కన ఎప్పుడో తవ్వి పూడ్చిన మరో కందకం ఉండే అవకాశం ఎక్కువ. పక్కనే వాహనాల రాకపోకల వల్ల కలిగే కంపనం దీనికి తోడవుతుంది.

3. శాసన నేపథ్యం:
అమెరికాలో వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం 1970 డిసెంబరు 29న ఆమోదముద్ర పొందింది. దాని అమలుకు ‘ఓషా’ అనే సంస్థ 1971లో పని ప్రారంభించింది. తవ్వకాలకు సంబంధించిన నిబంధనలు తొలినుంచీ ఉన్నా, 1985లో ఈ ప్రమాదాలపై ప్రత్యేక తనిఖీ కార్యక్రమం మొదలైంది. 1989లో నిబంధనలను సమగ్రంగా సవరించారు. వాటిలోని ముఖ్యాంశాలు:

• అయిదు అడుగులు, అంతకు మించిన లోతున్న కందకానికి, గట్టి రాతినేల అయితే తప్ప, రక్షణ ఏర్పాటు ఉండాలి. అది గోడలను వాలుగా చెక్కడం కావచ్చు, ఊతాలతో దన్ను కట్టడం కావచ్చు, కార్మికుల చుట్టూ ఉక్కు కవచం వంటి ట్రెంచ్ బాక్సు దించడం కావచ్చు.
• లోతు 20 అడుగులు దాటితే రక్షణ ఏర్పాటును ఇంజనీరు రూపొందించాలి.
• నాలుగు అడుగుల లోతు నుంచి నిచ్చెన వంటి మార్గం ఉండాలి. పనివాడు 25 అడుగులకు మించి నడవకుండానే దాన్ని చేరుకోగలగాలి.
• తవ్వి పోసిన మట్టి అంచుకు కనీసం రెండు అడుగుల దూరంలో ఉండాలి.
• ప్రమాదాన్ని గుర్తించే జ్ఞానం, పనిని ఆపించే అధికారం రెండూ ఉన్న సమర్థుడైన వ్యక్తి ప్రతిరోజూ కందకాన్ని పరీక్షించాలి.

ఈ నిబంధనల్లో చివరిది చారిత్రకంగా ముఖ్యమైనది. మిగిలినవి కొలతలు. ఇది అధికారానికి సంబంధించినది. గోతి అంచున నిలబడినవాడికి అపాయం తెలిసినా పని ఆపమనే హక్కు లేకపోతే ఆ తెలివి వ్యర్థమని శాసనం గుర్తించింది.

4. భాగస్వామ్యాల ఆవిర్భావం:
తనిఖీ అధికారుల సంఖ్య పరిమితం. కందకాల పని అందుకు మరింత అననుకూలం. కర్మాగారం ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటుంది. కందకం ఉదయం తవ్వితే సాయంత్రానికి పూడిపోవచ్చు. తనిఖీదారుకు కబురు అందేసరికి అక్కడ గొయ్యే ఉండదు. ఈ పరిమితిని అధిగమించడానికి ఓషా 1998లో వ్యూహాత్మక భాగస్వామ్య పథకాన్ని, 2002లో అలయన్స్ పథకాన్ని ప్రవేశపెట్టింది.

మొదటిది లిఖిత ఒప్పందం. యజమానులు, కార్మికులు లేదా వారి సంఘాలు, ప్రభుత్వం కలిసి కొలవదగిన లక్ష్యాలు నిర్ణయించుకొని ఫలితాలను సమీక్షించుకుంటారు. రెండోది వృత్తిసంఘాలతో కుదిరే విస్తృత ఒడంబడిక. శిక్షణ, ప్రచారం, సమాచార వినిమయం దాని పని. అలయన్స్‌లో చేరినంత మాత్రాన తనిఖీ నుంచి మినహాయింపు లభించదు.

కందకాల విషయంలో 1964లో ఏర్పడిన జాతీయ యుటిలిటీ కాంట్రాక్టర్ల సంఘం, ఊతాలు, ట్రెంచ్ బాక్సులు తయారు చేసే పరిశ్రమల సంఘం ఓషాతో కలిసి పనిచేశాయి. పై నిబంధనల్లోని సమర్థుడైన వ్యక్తికి శిక్షణ ఇవ్వడంలో ఈ సంఘాల పాత్ర గణనీయం. పని కాసేపు ఆపి కార్మికులతో భద్రత గురించి మాట్లాడే కార్యక్రమాన్ని కాంట్రాక్టర్ల సంఘం 2016 నుంచి ఏటా జూన్‌లో నిర్వహిస్తోంది. స్పానిష్ మాట్లాడే వలస కూలీల కోసం ఆ భాషలో గోడపత్రికలు వెలువడ్డాయి. కార్మికుడి భాషలో చెప్పడం భద్రతలో భాగమన్న గుర్తింపు ఇందులో ఉంది.

5. భాగస్వామ్యం చేరని గోతులు:
1992 నుంచి 2001 వరకు అమెరికాలో కందకాలు, తవ్వకాల పనుల్లో 542 మంది మరణించినట్లు అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థలు నమోదు చేశాయి. అత్యధికం మట్టి కూలడం వల్ల సంభవించినవే. వీటిలో 46 శాతం మరణాలు పది లేదా అంతకన్నా తక్కువమంది పనిచేసే సంస్థల్లో జరిగాయి.

భాగస్వామ్యాల పరిమితిని అర్థం చేసుకోవడానికి ఈ అంకె కీలకం. సంఘంలో సభ్యత్వం తీసుకొని, శిక్షణకు మనుషులను పంపి, ఒప్పందంపై సంతకం చేసేవి సాధారణంగా నిలదొక్కుకున్న సంస్థలు. ట్రెంచ్ బాక్సు అద్దెను టెండరు ధరలో కలుపుకోగలిగేవీ అవే. ఒక యంత్రం, నలుగురు కూలీలతో ఒకరోజు పని పట్టే చిన్న గుత్తేదారు ఏ సంఘంలోనూ ఉండడు. అతని దృష్టిలో దన్ను కట్టడమంటే ఖర్చు, ఆలస్యం. మరణాల్లో దాదాపు సగం అటువంటి చిన్న సంస్థల్లోనే జరుగుతుంటే, సంతకాల సంఖ్యతో భాగస్వామ్యం విజయాన్ని కొలవడం సరికాదు.

ఈ లోటును పూరించే ఒక మార్గం అనుమతిపత్రం. కాలిఫోర్నియాలో మనుషులు దిగవలసిన, అయిదు అడుగులు లేదా అంతకు మించిన లోతున్న కందకానికి ముందస్తు అనుమతి అవసరం. సంఘంలో చేరడం ఐచ్ఛికం. అనుమతి తీసుకోవడం విధి. అందువల్ల అది చిన్నవారికీ వర్తిస్తుంది.

6. 2022 అనుభవం:
2021 మొత్తంలో 15 మంది కందకాల్లో మరణించగా, 2022 తొలి ఆరు నెలల్లోనే 22 మంది మరణించారు. ఆ జులైలో ఓషా వెయ్యికి పైగా తనిఖీలు జరుపుతామని, తగిన సందర్భాల్లో క్రిమినల్ విచారణకు సిఫారసు చేస్తామని ప్రకటించింది. ఏడాది ముగిసేసరికి మృతులు 39 మంది. 2023లో ఆ సంఖ్య 15కు తగ్గింది. 2024 నవంబరులో సంస్థ అప్పటివరకు ఆ ఏడాది 12 మరణాలు నమోదైనట్లు తెలిపింది.

ఈ తగ్గుదలను ఏ ఒక్క కారణానికో ఆపాదించడం తొందరపాటు. సంఘాల శిక్షణ, రాష్ట్రాల సహకారం, కఠిన తనిఖీలు ఒకే కాలంలో సాగాయి. అయితే ఒక విషయం స్పష్టం. శిక్షణ ఒప్పందాలు 2022కు ముందూ ఉన్నాయి. కొత్తగా తోడైనది శిక్ష పడుతుందన్న భయం. భాగస్వామ్యం శాసనానికి ప్రత్యామ్నాయం కాదనీ, శాసనం బలంగా ఉన్నచోటే అది ఫలిస్తుందనీ ఈ అనుభవం సూచిస్తోంది.

7. భారతదేశం - తెలుగు ప్రాంతాలు:
భారతదేశంలో తవ్వకాల భద్రతకు ప్రమాణాలు కొత్తవి కావు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 3764 పేరిట తవ్వకాల భద్రతా నియమావళిని 1966లోనే వెలువరించి, 1992లో సవరించింది. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దాని కింద 1998లో రూపొందిన కేంద్ర నిబంధనల్లో తవ్వకాలకు, సొరంగాలకు ప్రత్యేక అధ్యాయం ఉంది.

ఆ చట్టంలో భాగస్వామ్య భావన కూడా ఉండేది. 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట భద్రతా కమిటీ ఉండాలని అది నిర్దేశించింది. అందులో కార్మిక ప్రతినిధుల సంఖ్య యజమాని ప్రతినిధుల సంఖ్య కన్నా తగ్గకూడదని చెప్పింది. సంక్షేమ మండళ్లలో ప్రభుత్వానికి, యజమానులకు, కార్మికులకు సమాన ప్రాతినిధ్యం ఇచ్చింది. కాని ఆ చట్టం వర్తించింది పదిమంది, ఆపైన పనిచేసే సంస్థలకే. నలుగురైదుగురు కలిసి తవ్వే ఇంటి పునాది, సెప్టిక్ ట్యాంకు గొయ్యి, వీధి మురుగు కాలువ ఆ గీతకు బయటే మిగులుతాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత స్మృతి పాత చట్టాన్ని తనలో కలుపుకున్నా, పదిమంది అన్న గీత సాధారణ నియమంగా కొనసాగింది. అమెరికాలో దాదాపు సగం మరణాలు నమోదైన చోటే ఇక్కడ చట్టం ఆగిపోతోంది.

పనికి ప్రభుత్వమే నిధులిచ్చినంత మాత్రాన రక్షణ సమకూరదు. 2019 ఏప్రిల్ 10న నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరులో ఉపాధి హామీ పనుల వద్ద మట్టిదిబ్బ కూలి పదిమంది మహిళా కూలీలు మరణించారు.

మరో అంశం గమనార్హం. అమెరికాలో భూగర్భ ఆస్తుల యజమానులను, తవ్వేవారిని కలిపే ఉమ్మడి వేదిక 2000లో ఏర్పడింది. తవ్వే ముందు పిలవవలసిన 811 సంఖ్య 2007లో వచ్చింది. భారత ప్రభుత్వం 2023 మార్చి 22న ఇదే ఉద్దేశంతో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించింది. అడ్డదిడ్డమైన తవ్వకాల వల్ల ఏటా దాదాపు 3,000 కోట్ల రూపాయల నష్టం జరుగుతోందన్నది దానికి చూపిన కారణం. భూమి కింద తీగ ఎక్కడుందో తవ్వేవాడు ముందే తెలుసుకునే ఏర్పాటు ఇది. ఆ గోతిలోకి ఎవరు దిగుతున్నారో, ఎంత లోతుకు దిగుతున్నారో, దన్ను కట్టారో లేదో అడగడం దీని ఉద్దేశంలో లేదు. వేదిక సిద్ధంగా ఉంది కనుక ఆ ప్రశ్నలను చేర్చడం పెద్ద భారం కాదు.

8. ముగింపు:
• కందక మరణాలకు కారణం జ్ఞానలోపం కాదు. నివారణ మార్గాలు అమెరికాలో 1989 నాటికి, భారతదేశంలో అంతకుముందే లిఖితరూపంలో ఉన్నాయి.
• వృత్తిసంఘాలతో భాగస్వామ్యం శిక్షణను విస్తరించింది. తనిఖీ, శిక్ష తోడైనప్పుడే మరణాల తగ్గుదల స్పష్టంగా కనిపించింది.
• సంఘాలకు వెలుపల ఉన్న చిన్న గుత్తేదారును చేరడానికి అనుమతిపత్రం వంటి విధాయక మార్గం అవసరం. తెలుగు రాష్ట్రాల్లో రోడ్డు తవ్వకానికి పురపాలక సంఘాలు ఇచ్చే అనుమతిలో గోతి లోతు, రక్షణ ఏర్పాటు, బాధ్యుడి పేరు తప్పనిసరి చేయడం దీనికి తొలిమెట్టు కాగలదు.
• భద్రతా సూచనలు కూలీలు మాట్లాడే భాషలో ఉండాలి. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇతర రాష్ట్రాల కార్మికులు ఎక్కువగా పనిచేస్తున్నందున తెలుగు ఒక్కటే సరిపోదు.
• భాగస్వామ్యాన్ని ఎన్ని సంస్థలు సంతకం చేశాయన్న దానితో కాక, పదిమంది కన్నా తక్కువ పనిచేసే గోతి దాకా అది చేరిందా లేదా అన్న దానితో అంచనా వేయాలి.