దొంగకు లేని తాళం

తాళం కనిపెట్టిన మహానుభావుడు దొంగని తలుచుకునే కనిపెట్టి ఉంటాడు. కాని రోజూ దానితో అవస్థ పడేది ఇంటివాడు. చెవి పోగొట్టుకునేదీ వాడే, వానలో తడుస్తూ అరుగు మీద నిలబడేదీ వాడే. దొంగకేం, కన్నం వేసుకుని తన దారిన తాను పోతాడు. కంప్యూటర్ ఆటల చరిత్ర చదివినప్పుడల్లా నాకీ సంగతే తడుతూంటుంది. ముఖ్యంగా ‘ఎలీట్’ అనే ఆట కథ చదివినప్పుడు.

1982లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు కలుసుకున్నారు. ఇద్దరూ జీసస్ కాలేజీ విద్యార్థులే. చదువుకోవలసిన వేళ చదువు మానేసి ఆట రాయడానికి కూర్చున్నారు. వాళ్లు నమ్ముకున్నది బీబీసీ మైక్రో అనే యంత్రాన్ని. దాని జ్ఞాపకశక్తి మొత్తం 32 కిలోబైట్లు. ఇవాళ మనం ఫోన్లో పంపుకునే పండగ శుభాకాంక్షల బొమ్మ ఒక్కటే అంతకన్నా ఎక్కువ చోటు తింటుంది.

ఆ ఇరుకులో వాళ్లు ఎనిమిది నక్షత్ర మండలాలు ఇమిడ్చారు. ఒక్కొక్క మండలంలో 256 లోకాలు. ఎలా పట్టాయంటారా? లోకాలను దాచలేదండీ, లోకాలను పుట్టించే లెక్కను దాచారు. మూడంకెలు విత్తనంగా వేసి వాటిని కూడుకుంటూ పోతే గ్రహం పేరూ, అక్కడి ప్రభుత్వమూ, బజారు ధరలూ అన్నీ వాటంతటవే తయారవుతాయి. ఎన్నిసార్లు వెళ్లినా అదే ఊరు, అదే పేరు. మర్రిచెట్టును మూటగట్టలేకపోయినా మర్రివిత్తు జేబులో పడుతుంది కదా!

ఆటలో మీకో వ్యోమనౌక ఇస్తారు. ఒక లోకంలో సరుకు కొని మరో లోకంలో అమ్ముకోవాలి. దారిలో దొంగలు కాస్తారు. ఇంగ్లీషులో ఆ దొంగలకూ, ఆటలకు దొంగనకళ్లు తీసేవాళ్లకూ పేరు ఒక్కటే – పైరేట్లు. ఈ విడ్డూరం ముందుముందు మనకు పనికొస్తుంది.

మొదట థార్న్ ఈఎమ్ఐ అనే పెద్ద కంపెనీకి చూపిస్తే వాళ్లు పెదవి విరిచారు. ఆటగాడికి మూడు ప్రాణాలుండాలి, పది నిమిషాల్లో ఆట ముగియాలి, చివర మార్కులు రావాలి – అప్పటి బజారు రివాజు అది. ఈ ఆటకేమో అంతమే లేదు. కుర్రాళ్లు ఆటను మార్చలేదు. ఆకార్న్‌సాఫ్ట్ అనే సంస్థ దాన్ని తీసుకుని 1984 సెప్టెంబరులో విడుదల చేసింది.

ఇక్కడ వ్యాపారస్థులకు రావలసిన మంచిమాట కూడా చెప్పాలి. కుర్రాళ్లు మొదట 281 లక్షల కోట్ల నక్షత్ర మండలాలు పెడతామన్నారట! లెక్క ప్రకారం అది సాధ్యమే. అన్ని ఉంటే ఒక్కదానికీ విలువుండదు, ఎనిమిది చాలు అని ఆకార్న్‌సాఫ్ట్ వాళ్లే సర్దిచెప్పారు. ఆట బాగుపడింది. కాబట్టి డబ్బు లెక్క చూసేవాళ్లందరూ కళకు శత్రువులనడం నాకు ఇష్టం లేదు.

అసలు తంటా ఆ తరవాతే వచ్చింది. మిగతా యంత్రాలకు ఆట హక్కుల్ని వేలంలో బ్రిటిష్ టెలికాంకు చెందిన ఫైర్‌బర్డ్ దక్కించుకుంది. 1985లో స్పెక్ట్రమ్ అనే చవక కంప్యూటర్ కోసం ఆటను క్యాసెట్టు మీద తెచ్చింది. క్యాసెట్టుకు నకలు తీయడమెంతసేపు? ఖాళీ క్యాసెట్టిస్తే సినిమా పాటలెక్కించి ఇచ్చే కొట్లు ఆ రోజుల్లో మన ఊళ్లలోనూ ఉండేవి. కంపెనీకి భయం పట్టుకుంది. అందులో అన్యాయమేమీ లేదు. ఆట రాసినవాడి ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా.

అందుకని ‘లెన్స్‌లాక్’ అనే తాళం వేశారు. అదో ప్లాస్టిక్ కటకం. ఆట మొదలుకాగానే తెర మీద రెండక్షరాలు నిలువు ముక్కలై చెల్లాచెదరుగా కనబడతాయి. కటకాన్ని తెరకు ఆనించి ఒంటికన్నుతో చూస్తే ముక్కలు కలిసి అక్షరాలవుతాయి. అవి టైపు చేస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

చెప్పడానికి బాగానే ఉంది. కాని ఆ కంప్యూటర్‌కు తెర అంటే ఇంట్లో ఉన్న టీవీయే. ఒకరింట్లో పెద్దది, ఒకరింట్లో చిన్నది. ముందుగా కటకం కొలతకు తెరమీది బొమ్మను సరిచేసుకోవాలి. టీవీ మరీ పెద్దదైనా, మరీ చిన్నదైనా అక్షరాలు కలవనే కలవవు. పైగా తొలి విడతలో కొన్ని పెట్టెల్లో వేరే ఆటకు చెందిన కటకం పెట్టి అమ్మేశారు! రొక్కం పోసి కొన్నవాడు వ్యోమనౌక ఎక్కకుండా టీవీకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. యంత్రభాష తెలిసిన ఘటికులు మాత్రం ప్రోగ్రాంలో అక్షరాలు అడిగే చోటు పట్టుకుని దాన్ని దాటించేశారు. వాళ్ల నకలుకు కటకంతో పనే లేదు. అంటే కొన్న సరుకుకన్నా దొంగసరుకే సుఖంగా నడిచిందన్నమాట.

తరవాతి సంగతి ఇంకా చిత్రం. ఇయాన్ బెల్ పాత ఎలీట్ రూపాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశాడు. బ్రేబెన్ 2012 నవంబరులో కొత్త ఎలీట్ తీస్తాను, చందాలివ్వండని జనాన్ని అడిగాడు. ఇంకా పుట్టని ఆటకు 25 వేల మందికి పైగా కలిసి 15 లక్షల పౌండ్లకు మించి ముందే ఇచ్చారు. ఏ తాళమూ రాబట్టలేని డబ్బు అది. పాత ఆట మీది ప్రేమే రాబట్టింది.

తీరా 2014 డిసెంబరులో ఆట వచ్చే ముందు నెలలో, ఇంటర్నెట్ లేకుండా ఒంటరిగా ఆడుకునే వీలు తీసేశామన్నారు. కారణం తాళం కాదు, అందరూ పంచుకునే విశ్వం కేంద్రం నుంచే నడవాలన్నారు. అయినా మాట తప్పారని కొందరు డబ్బు వెనక్కి అడిగారు. కారణం ఏదైతేనేం, ఇంటివాడు మళ్లీ అరుగు మీదే.

1985 నాటి క్యాసెట్టు ఇంకా ఎవరి అటక మీదో ఉండే ఉంటుంది. కటకం పోయిందంటే సొంతదారుకు కూడా అది తెరుచుకోదు. తాళం తీసేసిన నకలు మాత్రం ఇవాళ్టికీ హాయిగా ఆడుతోంది. అందుచేత తాళాలు చేసే అయ్యలకు నా మనవి ఒక్కటే. తాళం వేసుకోండి, వద్దనను. ముందు చెవి ఇంటివాడి చేతిలో సరిగ్గా తిరుగుతోందో లేదో చూడండి. దొంగ సంగతి తరవాత చూసుకోవచ్చు.