అచ్చుకెక్కని వెబ్ పేజీ

1994 అక్టోబరులో సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తూ హోకోన్ వియుమ్ లీ వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే స్టైల్ షీట్ల (సీఎస్‌ఎస్) ప్రతిపాదన బయటపెట్టాడు. బెర్ట్ బోస్ జతకలిశాడు. 1996 డిసెంబరులో సీఎస్‌ఎస్ తొలి ప్రమాణం వచ్చింది. రంగులు, అక్షరాలు, ఖాళీలు అన్నీ అందులో ఉన్నాయి గానీ, ప్రింటుకంటూ విడిగా నియమాల్లేవు.

ఆ లోటును 1998 మేలో వచ్చిన రెండో ప్రమాణం తీర్చింది. తెరకో తీరు, కాగితానికో తీరు రాసుకోవచ్చంది. పేజీ అంచులెంత, ఎక్కడ తెగాలి, ఎక్కడ తెగకూడదు అన్నీ చెప్పింది. పేరాలోని చివరి వరుస ఒంటరిగా అవతలి పేజీకి జారిపోకుండా చూసే నియమం కూడా పెట్టింది. ప్రెస్సులో కంపోజిటర్లు కళ్లతో చూసి సర్దే పని అది.

ప్రమాణం అయితే వచ్చింది, అమలుచేసే నాథుడే లేడు. బ్రౌజర్ల పోటీ అంతా తెర మీదే. ప్రింట్ తీస్తే ఎడమపక్క మెనూ సగం కాగితం మింగేది, కుడిపక్క మాటలు తెగిపోయేవి. దాంతో సైట్లవాళ్లు ప్రతి వ్యాసానికీ ‘ప్రింటుకు అనువైన ప్రతి’ అని ఇంకో పేజీ తయారుచేసేవారు. ఆ రెట్టింపు చాకిరీ అక్కర్లేదని 2002లో ‘ఎ లిస్ట్ అపార్ట్’ అనే వెబ్ డిజైన్ పత్రికలో ఎరిక్ మేయర్ చేసి చూపించాడు: మెనూను దాచెయ్యి, అక్షరాల కొలత పాయింట్లలో ఇవ్వు, లింకు పక్కనే దాని చిరునామా అచ్చయ్యేలా ఒక వరుస రాయి. ఈ చివరి చిట్కా నాకు మహా ఇష్టం. కాగితం మీద లింకును నొక్కలేం కదా! ఫ్లోట్ చేసిన, అంటే ఒక పక్కకు జరిపిన భాగం మొదటి పేజీతోనే ఆగిపోయే మొజిల్లా బ్రౌజర్ లోపానికీ విరుగుడు చెప్పాడు.

ఆ ప్రమాణం అసలు సత్తా చూపింది బ్రౌజర్లు కావు. మెల్‌బోర్న్‌లోని యెస్‌లాజిక్ సంస్థ 2003లో స్టైల్ షీట్ల ప్రకారం అచ్చుపేజీలు కట్టే ప్రిన్స్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. లీ, బోస్ తమ సీఎస్‌ఎస్ పుస్తకం మూడో కూర్పును 2005లో దానితోనే పేజీలు కట్టి అచ్చువేయించారు. పేజీ అంకెలూ విషయసూచికలోని అంకెలూ అన్నీ స్టైల్ షీటే పెట్టింది. అంటే లోపం ప్రమాణంలో లేదు, బ్రౌజర్ల నిర్లక్ష్యంలో ఉంది.

పేజీ అంచులో మనకు కావలసిన శీర్షిక, అంకె పెట్టుకునే సౌకర్యం 2000ల తొలినాళ్ల సీఎస్‌ఎస్ ముసాయిదాల్లోనే ఉంది. క్రోమ్‌కు అది 2024లో, 131వ వెర్షన్‌లో గానీ అందలేదు. ఈలోగా ప్రింట్ బటన్ నొక్కి పీడీఎఫ్‌గా దాచుకోవడం అందరికీ అలవాటైపోయింది. దానికీ వర్తించేవి 1998 నాటి ఆ నియమాలే.