పి, ఆర్, ఎన్, డి: ఓ తర్తీబ్ వెనుక తవారీఖ్

మొన్న దావత్‌కు మామూజాన్ ఇంటికి వెళ్లాం. అక్కడ గల్లీ కాస్త వాలు. కొత్తగా కొన్న ఏఎంటీ కారును న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ ఆపి దిగాను. హ్యాండ్ బ్రేక్ మరిచాను. కారు మెల్లగా వెనక్కి జారింది. వెనక పిల్లలు ఆడుకుంటున్నారు. మామూజాన్ పరుగున వచ్చి, డోరు తీసి బ్రేక్ లాగారు. అల్లా మెహర్బానీ, ఎవరికీ ఏమీ కాలేదు.

"గల్తీ నాదే మామూ" అన్నాను.

"నీదే బేటా. కానీ ఈ బండిలో పి ఏదీ?" అన్నారాయన. సౌదీలో ఇరవై ఏళ్లకు పైగా హౌస్ డ్రైవర్‌గా చేసిన మనిషి. ఆ సవాల్ నన్ను వదల్లేదు. ఈ హర్ఫుల తవారీఖ్ తిరగేశాను.

1939లో జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ గేర్‌బాక్స్ తెచ్చింది. క్లచ్ తొక్కే పని లేని కార్లు పెద్ద ఎత్తున అమ్ముడవడం దాంతోనే మొదలు. అందులోనూ పి లేదు! ఎన్, హై, లో, ఆర్: అదీ తర్తీబ్. ఇంజిన్ ఆపి ఆర్‌లో పెడితే గేర్లు బిగుసుకుంటాయి, అదే పార్కింగ్. 1948లో వచ్చిన బ్యూక్ డైనాఫ్లోలో పి ఉంది, కానీ ఆర్ మాత్రం ఎల్ పక్కనే, చివర్న. ఫోర్డ్ 1951లో పి, ఆర్, ఎన్, డి, ఎల్ అంది. క్రైస్లర్ 1956 నుంచి కొన్నేళ్లు లివరే తీసేసి బటన్లు పెట్టింది. ఎవరి మర్జీ వారిది.

ఖతరా అక్కడే ఉంది. ఘాట్ దిగేటప్పుడు ఎల్ కావాలి. కింది గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు. ఎల్ కోసం లాగిన చెయ్యి ఒక్క గడి దాటితే ఆర్! కారు మార్చినవాడికి పాత ఆదతే దుష్మన్. ప్రమాదం జరిగితే ఇల్జామ్ మాత్రం డ్రైవర్ మీదే.

1965లో రాల్ఫ్ నాడర్ 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' కితాబులో ఈ గేర్ల గందరగోళాన్నీ నిలదీశాడు. 1968 నుంచి అమెరికాలో ఖానూన్ వచ్చింది: ముందుకు నడిపే గేర్లకూ రివర్స్‌కూ మధ్య న్యూట్రల్ ఉండి తీరాలి. ఈ రోజు మన చేతి కింద ఉన్న తర్తీబ్ అదే.

ఇదంతా చెబితే మామూజాన్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాయిఫ్ నుంచి మక్కాకు హదా ఘాట్ దిగినప్పుడల్లా ఎల్‌లోనే దిగేవాణ్ణి. నా జాన్ కాపాడిన ఆ హర్ఫ్ అక్కడే ఉండాలని ఎవరో కొట్లాడారన్నమాట" అన్నారు.

2014లో సెలెరియోతో మన దేశంలో అడుగుపెట్టిన ఏఎంటీ కార్లలో సాధారణంగా పి ఉండదు. లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ పని మాత్రం యంత్రం చేస్తుంది. కాబట్టి డిలోనో ఆర్‌లోనో ఉంచి ఇంజిన్ ఆపండి. అంతకంటే ముందు హ్యాండ్ బ్రేక్ లాగండి. ఆ గల్లీలో పిల్లలు ఇంకా ఆడుకుంటూనే ఉన్నారు.