నల్లమల చెంచులు: జీతం లేని బతుకు లెక్క

బాగుపడటమంటే నెల జీతం, పక్కా ఇల్లు, పిల్లలకు ఉద్యోగం అన్న లెక్క అనాదిగా ఉన్నదే అనుకుంటాం గాని, నంద్యాల సీమలో అది నిన్నమొన్నటిది. పాములపాడు, ఆత్మకూరు దాటి శ్రీశైలం దారిలో బైర్లూటి వైపు వెళ్తే చెంచుగూడేలు తగులుతాయి. ఒకరి కింద కొలువు చేయకుండా, గాదెలు నింపుకోకుండా తరతరాలు గడిపినవాళ్లు వీళ్లు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్‌ను దించి ఈస్టిండియా కంపెనీ ఈ సీమను పట్టుకుంది. ఏడేళ్లకు న్యూబోల్డ్ అనే సైనికాధికారి చెంచుల మీద రాసిన వ్యాసం లండన్ రాయల్ ఏసియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. అప్పటినుంచీ సర్కారును వేధిస్తున్న ప్రశ్న ఒకటే: వీళ్లను ఏదో ఒక పనిలో పెట్టేదెలా? నిజానికి చెంచులు చేతినిండా పని ఉన్నవాళ్లే. ఆ పని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతకు చాలించాలో తామే తేల్చుకోవడాన్ని మాత్రం వాళ్లు ఎవరికీ అమ్ముకోలేదు. వాళ్ల దృష్టిలో బాగా బతకడమంటే అదే.

తేనె తీయడమే చూడండి. కొండచరియకు పట్టిన తేనెపట్టు కోసం ఒక మనిషి నారతాడు ఆధారంగా లోయ మీదికి దిగుతాడు. పొగపెట్టి ఈగలను లేపి, గాలిలో ఊగుతూనే పట్టు కోయాలి. పైన తాడు కాచేది అన్నో తమ్ముడో కాదు, బావమరిది అని చెబుతారు. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతుంటాయి కాబట్టి అతను ఏమరడని నమ్మకం. ఇంత నైపుణ్యం, ఇంత కట్టుబాటు ఉన్న పనిని ‘ఉపాధి లేనివారు’ అన్న గడిలో రాసుకోవడం మన లెక్కల చేతకానితనం. జిగురు, కుంకుళ్లు, ముష్టిగింజలు, చింతపండు ఏ కాలానివి ఆ కాలంలో ఏరుకుని, కావలసినంత వాడుకుని, మిగిలినవి మైదానంలో మార్చుకునేవారు. అహోబిలం పారువేట ఉత్సవంలో ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లు తిరిగే నరసింహస్వామి చెంచులక్ష్మి కోసం అడవికి అల్లుడై వెళ్లాడు. సర్కారు మాత్రం కాపలాదారై వెళ్లింది.

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. నిన్నటిదాకా ఇల్లయిన చోట గడ్డ తవ్వాలన్నా, వేటాడాలన్నా అనుమతి కావలసి వచ్చింది. 1911 నేరస్త జాతుల చట్టం కుదురుగా ఒకచోట ఉండనివాణ్ణి అనుమానితుణ్ణి చేసింది. ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో ఒక సంచార సమూహాన్ని పోలీసు నిఘాలో ఉంచి సేద్యం చేయించారు. స్వాతంత్ర్యం వచ్చాక పులుల అభయారణ్యం వచ్చింది. పొలాలిచ్చారు, ఎద్దులిచ్చారు. సదుద్దేశమే కావచ్చు, అయినా రైతు కావడమో కూలి కావడమో తప్ప మూడో దారి ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

ఇదంతా పేదరికానికి పూలదండ వేయడమే అనేవారున్నారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త మార్షల్ సాలిన్స్ 1966లో వేట, సేకరణ సమాజాలే తొలి సంపన్న సమాజాలని, కోరికలు తక్కువ కాబట్టి తక్కువ పనితోనే వాళ్లకు సరిపోతుందని వాదించాడు. వంటకు, పనిముట్లకు పట్టే సమయాన్ని లెక్కలో కలపలేదని ఆయన్ను తప్పుపట్టారు. ఆ విమర్శ న్యాయమైనదే. చెంచులకూ ఆకలి నెలలుండేవి, రోగాలుండేవి. అడవి ఎప్పుడూ స్వర్గం కాదు. కానీ ఆకలి వేసినప్పుడు ఎటు పోవాలో తేల్చుకునే వీలు అప్పుడుంది. అడవి మూసుకున్నాక ఆకలి మిగిలింది, ఆ వీలు పోయింది. ఈనాటి చెంచు కుర్రాళ్లు ఉద్యోగాలే అడుగుతున్నారు కదా అన్నది ఇంకో ఆక్షేపణ. అడుగుతున్నారు, అడగాలి కూడా. అభయారణ్యంలో పులి అడుగుజాడలు పట్టే పనిలో వాళ్ల విద్యకు అటవీశాఖే విలువ కడుతోంది. కాకపోతే అడవి దారి మూసేశాక ఉద్యోగం దారిలో నడిచినవాణ్ణి చూపించి, ఇదే అతని ఇష్టం అనడం వాదన అనిపించుకోదు.

2006 అటవీ హక్కుల చట్టం ఆదిమ తెగల ఆవాస హక్కును గుర్తించింది. నల్లమలలో దాన్ని గూడెం గూడేనికీ పూర్తిగా అమలు చేయాలి. ఆ తర్వాత కొలువు కావాలో, కొండ కావాలో, రెండూ కావాలో చెంచులనే చెప్పనివ్వాలి.